వత్తు

హనుమంతనగర్‌లో సహకార సంఘం మేడ మీది గది.
శనివారం. రెండు గంటలకే అద్దె కట్టాం.
ఐదుగురికి మూడు బై-టూ కాఫీలు,
లెక్క తేలక ఒక సగం మిగిలింది.

సదస్సుకి ముప్పై ఎనిమిది రోజులు.
ఇతివృత్తం అని మినిట్సులో రాస్తాను,
కొట్టేసి అంశం అంటాను,
దాని పక్కన పెట్టడానికి మాత్రం ఏమీ లేదు.

నింగరాజు "భవిష్యత్తు" అన్నాడు.
పోయినేడూ అదే కదా, అంది పొన్ని,
ఆ భవిష్యత్తు సంచులు ఇంకా మా ఇంట్లో
ఉల్లిపాయలు మోస్తున్నాయి.
బిజోయ్‌కి కృత్రిమ మేధ కావాలి,
స్పాన్సరుకీ అదే కావాలిట.
శరావతి ట్రాన్స్‌ఫార్మరు మీది పావురాన్ని చూస్తూ
"నాకు నిద్ర కావాలి" అంది.

చివరికి స్వేచ్ఛ దగ్గర ఆగాం.
ఎవరికీ అభ్యంతరం లేని మాట,
అందుకే కాస్త అనుమానం కూడా.
అయినా సుల్తాన్‌పేటలో ముజమ్మిల్ కొట్టుకి పంపాం.
ఫ్లెక్సు వద్దు, గుడ్డ మీదే.

గంటలో ఫొటో వచ్చింది:

స్‌ వే చ్‌ ఛ

వత్తులన్నీ ఊడిపోయి
ప్రతి హల్లూ తన పొల్లు తాను పట్టుకుని
ఆఖరి బస్సు తప్పిపోయిన వాళ్ళలా
విడివిడిగా నిలబడింది.
"ఇలాగే కదా మేడమ్, మీ తెలుగు?"
ముజమ్మిల్ గొంతులో వెటకారం కూడా లేదు.

శరావతి లాప్‌టాప్ తెరిచింది.
అతని సాఫ్ట్‌వేరు కింద ఒక లైబ్రరీ,
దాని కింద ఇంకొకటి,
నూతిలోకి లాంతరు దించినట్టు దిగుతూ పోయింది.
అట్టడుగున ఒక్క ఫైలు. ఒక్క మనిషి.
గంగులప్ప, హిందూపురం.
ఆరేళ్ళపాటు, నైట్ డ్యూటీ దిగాక,
తెలుగుకీ కన్నడానికీ వత్తులు తగిలించిన మనిషి.
పదకొండు నెలల కిందటి ఆఖరి మాట:
"ఇక నావల్ల కావడం లేదు. తాళం గూట్లో పెట్టాను.
ఎవరైనా తీసుకోండి."

ఎవరూ తీసుకోలేదు.

దాని పైన, అంతకుముందు ఏడాది,
నా పేరుతో ఒక ఫిర్యాదు:
"లక్ష్మి ఇంకా విరుగుతూనే ఉంది.
ఎవరైనా ఉన్నారా అసలు???"
రెండు రోజుల్లో ఆయన సరిచేశాడు.
నాకు గుర్తే లేదు.
నలుగురూ చదివారు. ఎవరూ ఏమీ అనలేదు.
అనుంటే బావుణ్ణు.

"మీకూ ఉంటాయి కదా?" అన్నాను, మాట మార్చడానికి.
"ఒత్తక్షర" అన్నాడు నింగరాజు.
"అయితే మా బండీ ఆయనే తోశాడన్నమాట."
"మాకు నెత్తిన చుక్క, అంతే.
మేం ఎవర్నీ కింద పెట్టుకోం"
అని నవ్వబోయి ఆగింది పొన్ని.

పలికేటప్పుడు రెండూ సమానమే.
రాసేటప్పుడే ఒకటి పైన, ఒకటి కింద.
కిందది చిన్నది,
చాలాసార్లు దానికి తలకట్టు కూడా ఉండదు.
తీసేసి చూడు,
అట్టు కాస్తా అటు అయిపోతుంది,
చేతికి రాకుండా.

మినిట్సులో స్వేచ్ఛ కొట్టేసి
వత్తు అని రాశాను.
చూస్తే ఆ మాట కిందా ఒకటి ఉంది.
"ఇంగ్లీషులో?" అన్నాడు బిజోయ్.
"ఖాళీ వదిలెయ్" అంది శరావతి.
స్పాన్సరుకి ఇంకా చెప్పలేదు, అది వేరే గొడవ.

ముజమ్మిల్ మామ ఒకప్పుడు సినిమా హాళ్ళకి బోర్డులు రాసేవాడట,
కుంచెతో రాసిస్తానన్నాడు.
అక్షరానికి ఇంత, వత్తుకి వేరే.

రాత్రి గంగులప్పకి రాశాను.
రైలెక్కితే రెండున్నర గంటలు,
ఛార్జీ మేమిస్తాం, మాట్లాడక్కర్లేదు,
తాళం సంగతి అడగం.
మొదటి వరసలో కూచోండి అని రాసి, కొట్టేసి,
ఎక్కడైనా కూచోండి అని మార్చాను.
క్షమించండి అని కొడితే
క్ష సరిగ్గానే కుదిరింది.
అదీ ఆయన చేతిదే.

చివర, వస్తారా అని,
ఈసారి ప్రశ్న గుర్తు
ఒక్కటే పెట్టాను.