అంగుళం లోతు

నిజ్వా కోట వెనక, ఖర్జూరాల గోదాము పక్కన
మా దుకాణం. బోర్డు లేదు.
అర్బాబు హమూద్ ఫజర్ నమాజు కాంగనే వచ్చి
కంబట్ల చుట్టుకొచ్చిన దాన్ని
బల్ల మీద పండవెట్టి ముడి విప్పిండు.
మార్టినీ. వాళ్ల తాత భుజం మీది బందూకు.
"అచ్చం ఇట్లనే కావాలె, నాలుగు.
మరలు, గీతలు, మచ్చలు, బరువు.
పెండ్లిల్ల ఎగరేసి పట్టుకుంటరు మావోళ్లు,
బరువు తప్పితే చెయ్యి తప్పుతది.
గుండు ఒక్కటే పోవద్దు."

ఇనుము పని గుల్జమాన్‌ది. పేషావరు దిక్కు మనిషి.
వాళ్ల ఊర్లె తుపాకికి నకలు చేస్తే
నకలు గూడా పేలుతదట.
"పేలేటట్టు చేసుడు పోరగాండ్ల పని,
పేలకుంట చేసుడే ఉస్తాదు పని" అంటడు.
నిండు కడ్డీకి మూతి కాడ
అంగుళం లోతు బెజ్జం కొట్టి
లోపల నల్లరంగు పూస్తడు.
వంగి చూసేటోనికి
మోటబాయి లెక్క అవుపడ్తది.

కర్ర నాది.
నిర్మల్ల మా ఇంట్ల పొనికి కర్ర
వెన్న తీర్గ తెగుతుండె.
చింతగింజల లప్పం, రంపపుపొట్టు,
సీతాఫలాలు, ముక్కు ఎర్రగున్న చిలకలు.
ఆ ఊర్లెనే ఒకప్పుడు ఫిరంగులు పోసిండ్రంటరు.
మా ముత్తాతలు చిలకల దిక్కు కూసున్నరో
కొలిమి దిక్కు కూసున్నరో
నాకు ఎవలూ చెప్పలే.

ఇది అక్రోటు కర్ర. మాట వినదు.
మూడు వారాలు కాలిపరు వట్టుకొని
ఒక సచ్చిపోయిన మనిషి అలవాట్లు కొలిచిన.
చెంప ఆనిన కాడ అరిగిన పల్లం,
బొటనవేలు చెమటకు నల్లవడ్డ అంచు.
అవిసె నూనె పూసి, అరిచేత్తోని రుద్ది,
మళ్ల పూసి, మళ్ల రుద్ది
నూరేండ్ల చెమట
తొమ్మిది దినాలల్ల పట్టించిన.

కుందా మీద ఏడు గాట్లున్నయి.
"ఏందివి అర్బాబ్? తోడేళ్లా, మనుషులా?"
చాయ్ ఊదుకుంట శానసేపు చూసిండు.
"అడిగే వయసు నాకొచ్చేసరికి
చెప్పే నోరు ఆయనకు పోయింది.
ఉన్నయి గదా. కొట్టు."
కొట్టిన.
నాలుగేడ్లు ఇరవై ఎనిమిది.
ఎవలూ సావలే.

ఆఖర్న మడమకున్న ఇత్తడి రేకు విప్పిన.
దాని కింద, ఎవలికీ కనవడని జాగల,
పగిలిన కర్రకు టేకు ముక్క అతుకు.
వంకరగ ఉంది.
ఉలి దెబ్బలన్నీ ఎడమ దిక్కుకెల్లి వడ్డయి.
నాదీ ఎడమ చెయ్యే.
ఏ ఓడల వచ్చిండో, ఎన్నేండ్లున్నడో,
జీతం చేతికొచ్చిందో లేదో.
సందుల పెట్టిన లప్పాన్ని గోరుతోని గీకి
వాసన చూసిన. చింతగింజ కాదు.
కాదని తెలిసినంక గూడా
ఇంకోసారి చూసిన.

రేకు కింద ఎవడు చూస్తడు, వదిలెయ్ అన్నడు గుల్జమాన్.
వదల్లే.
ఒకడి తప్పును చెయ్యబోతే
తప్పుతప్పు వస్తది, తెలుసా?
మొదటిసారి అతుకు చక్కగ కూసుంది.
పారేసిన.
మళ్ల చక్కగనే వచ్చింది, నా చెయ్యి మీద నాకే కోపమొచ్చింది.
మూడోసారికి గని
వాని తొందర నా చేతికి రాలే.

పెండ్లికి తీస్కపోతుంటే
బహ్లా మలుపు కాడ పోలీసులు ఆపిండ్రు.
లేత మీసాల ఆఫీసరు, జేబుల పెన్ను.
ఐదు బందూకులు వరుసగ ఆనించినం.
ఒక మూతిల పెన్ను పెట్టిండు. టక్. ఆగింది.
నవ్విండు. "లుఅబా" అన్నడు, బొమ్మ అని.
మా నాయిన ఉంటే సంబరపడుతుండె.
రెండోది, టక్. మూడోది, టక్. నాలుగోది.
అసలుదాని కాయిదం అర్బాబు జేబుల్నే ఉంది,
తీసేలోపే
ఐదోదాంట్లకు పెన్ను జారిపోయింది,
మొత్తం.

అడుగున ఎక్కడ్నో చప్పుడైందాక
మాల ఎవలమూ మాట్లాడలే.