ఆకు

కాయితం కాజీపేట రైల్వే ఠాణా నుంచొచ్చింది.
పదకొండు పేజీల పంచనామా,
శుక్రవారం లోపల ఇంగ్లీషు చేసియ్యాలె.
హన్మకొండ కోర్టు వెనక గది, చప్పుడు చేసే ఫ్యాను,
అట్ట ఊడిన నిఘంటువు, నేను.

మొదటి పేజీల గంజాయి.
రెండో పేజీల నిషేధిత మాదక ద్రవ్యము.
మూడోదాంట్ల రైటరు అలిసిపోయిండో ఏమో
సదరు సరుకు, సదరు సరుకు అని రాసుకుంట పోయిండు.
సరుకంటే మా ఇంట్ల
ఒకటో తారీఖు కిరాణం నుంచొచ్చే పప్పు, నూనె, సబ్బులు.

నాలుగో పేజీ నిండ పిలగాని ఫోన్ల మాటలు.
అన్నా మాల్ ఉన్నదా.
స్టఫ్ మంచిగుండాలె, మొన్నటిది పొట్టు.
ఒక దమ్ముకు సరిపోను ఇయ్యి చాలు.
ఒకచోట, కొత్తిమీర రెండు కట్టలు.
దాని పక్కన ఎస్సై ఎర్ర ఇంకుతోని
పెద్ద ప్రశ్నార్థకం పెట్టిండు.
ఆనాడు ఇంట్ల నిజంగనే కొత్తిమీర అయిపోయిందేమో,
ఎవలకెరుక.

మా పెదనాయిన రాజమొగిలి
గొర్లకు కడుపుబ్బితే
దొడ్డెనక చెట్టు నుంచి పిడికెడు తెంపి, దంచి
వెదురు గొట్టంతోని తాపేటోడు.
మందాకు అనేటోడు దాన్ని.
మెట్టుగుట్ట మీద చిలుం పట్టిన బైరాగి
శివమూలి అన్నడట, కండ్లు మూసుకొని.
హోలీ నాడు పాలల్ల కలిపి, బాదం నూరి
భంగు అని గ్లాసులల్ల పోసేటోళ్లు కూడ ఉండె.
పెదనాయినను ఎవరూ పట్టుకపోలే.
గొర్రె బతికిందా అని మాత్రం అడిగేటోళ్లు.

చట్టం తీరు వేరు.
బంక తీస్తే చరస్ అంటది.
పూసిన కొన, కాసిన కొన, అది గంజాయి అంటది.
కొన లేకుంట వట్టి ఆకు, వట్టి గింజ దొరికితే
అది గంజాయి కాదంటది.
కిలో దాక చిన్న పరిమాణం,
ఇరవై దాటితే వాణిజ్య పరిమాణం.
నడుమ పందొమ్మిది కిలోలకు
పేరు పెట్టుడే మర్చిపోయిన్రు.

ఏడో పేజీ.
రెండో నంబరు ప్లాట్‌ఫాం చివర, నీళ్ల నల్లా పక్కన,
కొలిపాక తిరుమలేష్, ఇరవై రెండేండ్లు, ఐటీఐ ఫిట్టరు,
నల్ల బ్యాగుల
నాలుగు కిలోల రెండువందల గ్రాముల ఎండు ఆకు.

ఆకు.
ఒక్కసారి కాదు, మూడుసార్లు.
ల్యాబు రిపోర్టు ఇంక రాలే.

రైటరు ఎల్లగౌడ్‌కు ఫోన్ చేసిన.
ఆకంటే ఆకా మేడం, అన్నడు నవ్వుకుంట,
అందరు గట్లనే అంటరు,
మీరు గంజాయి అని కొట్టేయుండ్రి.
వెనక ఏదో రైలు పోతున్నది, మిగిలినది వినిపియ్యలే.

తలుపు కాడ వాళ్లమ్మ నిలబడ్డది.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి ఏరుతదట,
చీరె కొంగు నిండ ఘాటు,
ఆమె తుమ్మలే గని నేను తుమ్మిన.
ఆ గడ్డి గురించేనా బిడ్డా రాసేది, అన్నది.
ఆమెకు తెలిసిన మాట అదొక్కటే.

జాలి పడుదామంటే
మా అక్క కొడుకు యాదికొచ్చిండు.
పాలిటెక్నిక్ రెండో ఏడు.
కండ్లెందుకు ఎర్రగున్నయిరా అంటే
రాత్రంత చదివిన చిన్నమ్మా, అన్నడు.
పుస్తకం మాత్రం కొత్త వాసన వస్తున్నది.
వాని జేబుల దొరికిన పొట్లానికి
అక్క పెట్టిన పేరు, ఏదో.
ఏదో దొరికిందే, అన్నది, గొంతు తగ్గించి.

గంజాయి అని కొడితే పిలగాడు పదేండ్లు పోవచ్చు.
ఆకు అని కొడితే రేపు వచ్చి
కాలేజీ గేటు ముందట నిలబడొచ్చు.
నా పని తీర్పు కాదు.
నా పని, రాసింది రాసినట్టు.
అని చెప్పుకున్న, చాయ్ చల్లారేదాక.

ఎల్, ఈ, ఏ, ఎఫ్.
నాలుగు అక్షరాలు.
మూడుచోట్ల.

సాయంత్రం చౌరస్తా కాడ బండి ముందట నిలబడి
కొత్తిమీర రెండు కట్టలు అనబోయి
మూడు అన్న.