తొమ్మిదో పువ్వు

గాజీపూర్ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు
డెనిమ్ కోశాను.
ఒక్క ఊపుకి నూట ఇరవై పొరలు.
కరెంటు కత్తి రొద తప్ప
ఇంకేమీ చెవినపడేది కాదు.

ఇప్పుడు ఢాకాలో, బనానీలో, మూడో అంతస్తు.
నా బల్ల మీద ఒకే ఒక్క పొర
జామ్దానీ.
బట్టలోంచి బల్ల చెక్క గీతలు కనిపిస్తున్నాయి.

నౌషీన్ మేడమ్ చీటీ పెట్టి వెళ్ళింది:
జాకెట్టు, పొట్టి కాలరు, శుక్రవారానికి.
సుద్ద గీశాను. చెరిపాను.
టీ తాగొచ్చాను.
కత్తెర ఎప్పుడూ ఇంత బరువేనా?

చివరికి రూప్‌గంజ్‌కి ఫోన్ చేశాను.
అవతల కఫీలుద్దీన్ కుర్రాడికి లెక్క పాడుతున్నాడు:
మూడు లేపు, ఒకటి వదులు, మళ్ళీ మూడు...
ఆయన దగ్గర బొమ్మ కాగితం లేదు,
నాలుక మీదే ఉంది తోటంతా.

"చాచా, నాలుగు నెలల నేత. ఎక్కడ కొయ్యను?"

లెక్క ఆగింది.
"కొంగు వైపు నుంచి తొమ్మిదో పువ్వు చూడు.
ఒక రేకు లావుగా ఉంటుంది.
ఆ పూట మింటూ తుమ్మాడు,
తుమ్మితే ఆగాలి, నేను ఆగలేదు.
రెండు వేళ్ళు వదిలి కొయ్యి. ఆ ముక్క పారెయ్."
వెనక కుర్రాడి నవ్వు.

కోశాను.
చప్పుడే లేదు.

శుక్రవారం దీపాల కింద ఎవరో అమ్మాయి
ఆ జాకెట్టులో నడిచింది,
పువ్వులు ఒంటికి అంటకుండా
ఆమెతోపాటు వస్తున్నట్టు.
చప్పట్లు.

ఎడమ జేబు లోపల
ఆ తుమ్ము కుట్టి ఉంది.
మేడమ్‌కి చెప్పలేదు.
ఎప్పుడైనా చలికి చెయ్యి పెట్టుకుంటే
వేలికి తగలొచ్చు,
తగలకపోనూవచ్చు.