గాలి లేని పూట

మా ఊళ్ళో నవంబరు వచ్చిందంటే
మున్సిపాలిటీ వాళ్ళు వీధి మూలల్లో తాళ్ళు కడతారు.
బట్టలారేసుకోడానికి కాదు,
మనుషులు పట్టుకోడానికి.
మాగెల్లాన్ జలసంధి మీంచి లేచే గాలికి
చిన్నా పెద్దా తేడా లేదు.
మొన్న బ్యాంకు మేనేజరు టోపీ సముద్రం పాలైతే
దాని వెంట నాలుగడుగులు పరిగెత్తి
దీపస్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాడు.

ఆ రోజుల్లోనే మా ఎలియాసర్‌కి కాస్త సుఖం.
వాడి చేతులు ఊరికే రెక్కలాడిస్తాయి కదా,
ఆ గాలిలో అందరివీ అంతే.
ఆగి చూసేవాళ్ళుండరు.

తొమ్మిదేళ్ళు వాడికి.
మాటలు పదిహేడు, లెక్కపెట్టాను.
వాటిలో "అమ్మ" ఉంది,
కానీ నన్ను చూసి అనడు,
పీతల డబ్బా మీది బొమ్మను చూసి అంటాడు.
ఆ డబ్బా నేను పనిచేసే ఫ్యాక్టరీది,
లెక్క సరిపోయిందిలే అనుకుంటాను.

బడిలో వ్యాయామం టీచరు యెర్కా చెప్పింది:
రోజూ ఇరవై నిమిషాలు, క్లాసుకి ముందు,
చెమట పట్టాలి, గుండె చప్పుడు చెవికి తెలియాలి.
"మందు కాదు సుమా,
మాటలు నేర్పే ఆవిడ్ని మానొద్దు, డాక్టర్ని మానొద్దు,
ఇది వాటికి తోడు,
రొట్టెలోకి పెబ్రె పచ్చడి ఉన్నట్టు."

తగ్గుతుందా, అన్నాను.
బూటు లేసు ముడేసుకుంటూ
"ఏం తగ్గాలి?" అంది.
ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమాను ఆ రాత్రి.

ఒక నోటుబుక్కు ఇచ్చింది.
నిమిషాలు, నాడి, నిద్ర, చివర్న ఇతర విషయాలు.
మొదటి వారమంతా నిమిషాల గడిలో మూడు, రెండు, సున్నా.
ఇతర విషయాల్లో: బూటు విసిరాడు. నన్ను కరిచాడు.

తర్వాత తాడు దొరికింది వాడికి.
చెవి ఆనించి వింటాడు,
గాలికి తాడు లోలోపల హుం అంటుంది,
అది విన్నాక గాని కాలు కదపడు.
ఇక మునివేళ్ళ మీద పరుగు,
స్తంభం నుంచి స్తంభానికి, ప్రతిదాన్నీ తాకుతూ.
ఒకటి తప్పిందా, వెనక్కొస్తాడు.
అందుకే మా ఇరవై నిమిషాలు ఇరవయ్యేడు.
వెనక నేను, రాత్రి షిఫ్టు దిగి,
చేతులకి పీతల వాసనతో, ఊపిరి సలపక,
నలభై మూడేళ్ళ ఒళ్ళు వాడి వెంట ఈడ్చుకుంటూ.

రెండు నెలలకి
నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు
తెల్లారేదాకా పడుకుంటున్నాడు.
నాలుగో రాత్రి ఎప్పటిలాగే
రెండింటికి లేచి గోడకి తల కొట్టుకుంటాడు,
కింది వాటా ముసలాయన ఎప్పటిలాగే
చీపురుకర్రతో కప్పు పొడుస్తాడు.

ఒక బుధవారం
గాలి రాలేదు.
రేవులో జెండాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.
వాడు తాడుకి చెవి పెట్టాడు,
తీశాడు, మళ్ళీ పెట్టాడు,
రెండో చెవి పెట్టాడు,
మణికట్టు కొరుక్కోడం మొదలెట్టాడు.
గాలి లేదుగా, ఊరందరికీ
ఆగి చూసే తీరిక దొరికింది.
ఇవాళ్టికి వదిలేద్దాం, అంది యెర్కా.

ఏం తోచిందో నాకు,
తాడుకి ఇవతల నోరు పెట్టి
హుం అన్నాను.

వాడి చెయ్యొచ్చి నా గొంతు మీద పడింది.
గడ్డం పైకెత్తాడు: కాదు.
కిందికి నొక్కాడు: కాదు.
పాఠం సరిగా చెప్పని పిల్లని
కూర్చోబెట్టి దిద్దినట్టు దిద్దాడు.
ఆరోసారికి
మొదటి స్తంభం వైపు దూకాడు.

హుం అంటూ పరిగెత్తడం
చేసి చూడండి ఎవరైనా.
రెండంగల్లో ఊపిరి తెగుతుంది,
నేను ఆగితే వాడు ఆగుతాడు,
నా నోటికేసి చూస్తాడు.
ముఖంలోకి కాదు, నోటికేసి.
చాలు.

నిమిషాలు: పద్నాలుగు.
నాడి: నాది చూసుకోలేదు, వాడిది చూడనివ్వలేదు.
నిద్ర: రాత్రికి తెలుస్తుంది.
ఇతర విషయాల్లో
"గాలి లేదు" అని రాసి,
కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని,
కొట్టేశాను.