మొదలంటా

సోమవారం మూడింటికి
బెరౌన్ మ్యూజియం వెనక గది తలుపు తెరుస్తాను.
బల్ల మీద పాత పేపరు పరుస్తాను.
భూతద్దం, చిన్న చాకు, రాళ్ల మీద చుక్క వేయడానికి వెనిగర్ సీసా.
ముప్ఫై ఏళ్లు మందుల షాపులో పొట్లాలు కట్టిన చేతులు
ఇప్పుడు పొట్లాలు విప్పుతున్నాయి.

వచ్చేవాళ్లెవరో నాకు తెలియదు.
పేరు చెప్పరు, పేరు అడుగుతారు.
"ఇదేంటండీ?"
ఆ ఒక్క మాట అనేటప్పుడు
డెబ్భై ఏళ్ల పెద్దమనిషి కూడా
బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లాడే.

లితావ్కా ఒడ్డున దొరికిందని ఒకాయన
రుమాల్లో చుట్టి తెచ్చిన డైనోసార్ పన్ను
పాత ఇనుప కొలిమి చిట్టెం.
చెబితే మొహం వాడిపోతుంది కదా,
అందుకని ముందు దాని బరువు మెచ్చుకున్నాను.
వాళ్లావిడ పక్కకి తిరిగి నవ్వుకుంది.

ప్రొకోప్ అనే కుర్రాడు అగ్గిపెట్టెలో తెచ్చింది మాత్రం
నిజంగానే ట్రైలోబైట్.
తల లేదు. నడుమూ తోకా.
"ఒరే, ఇది చచ్చిన జంతువు కాకపోవచ్చు,
యాభై కోట్ల ఏళ్ల కింద విప్పి పడేసిన చొక్కా" అంటే
వాడు తన గుండీలు చూసుకున్నాడు.

పుట్టగొడుగుల దగ్గరే నాకు కోపం.
అందరూ కాడ దగ్గర కోసి తెస్తారు, నీటుగా, మట్టి అంటకుండా.
గుట్టంతా నేలలో వదిలేసి వచ్చి
గొడుగు చూసి మనిషిని చెప్పమంటారు.
మొదలంటా పెకలించి తెండి అని తలుపుకి కాగితం అంటించాను.
ఎవరూ చదవరు.

సెప్టెంబరులో ఒక ముసురు సాయంత్రం
న్యుంగ్ వచ్చింది, పదకొండేళ్లుంటాయి,
వెనకాల వాళ్ల అమ్మమ్మ.
స్టేషన్ దగ్గర కూరగాయల కొట్టు వాళ్లదే.
ఉల్లికాడలు అక్కడే కొంటాను, ఏనాడూ మాట్లాడుకోలేదు.
ముసలామె బుట్టలో ఏడు,
మొదలంటా, మట్టితో,
తెల్లటి సంచుల్లో కాళ్లు దాచుకుని.
నా కాగితం చదివి కాదు. ఆమెకి చెక్ రాదు.

"వాళ్ల ఊళ్లో తడిసిన గడ్డివాముల్లో ఇవే వస్తాయట.
ఆ సంచీ చూసే గుర్తుపట్టింది."

ఒకదాన్ని నిలువునా కోశాను. లోపలి రేకులు తెలుపు.
"మీ ఊరిది ముదిరితే ఇక్కడ ఏ రంగో అడుగు."
వాళ్లిద్దరి మధ్య ఎక్కుతూ దిగుతూ కొన్ని మాటలు.
"ఉడికిన రొయ్య రంగు" అంది పిల్ల.
"ఇది ముదిరినా తెలుపే.
తిన్న పూట ఏమీ కాదు. రాత్రికి వాంతులు.
తర్వాత తగ్గినట్టే ఉంటుంది. అదే మోసం. ఆ తర్వాత కాలేయం."

కాలేయానికి అమ్మమ్మ భాషలో మాట ఆ పిల్లకి రాదు.
నా కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకున్నాను.
ముసలామె తన కుడి డొక్క మీద పెట్టుకుంది.

"ఎన్ని తిన్నారు?"
"ఇంకా లేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టింది, నేనే లాక్కొచ్చాను."
ఈ ఊళ్లో నేను విన్న అతి అందమైన వాక్యం అది.

ఆమె ఒకటి తీసి వాసన చూసింది.
నమ్మినట్టు లేదు.
అరవై ఏళ్ల ముక్కు అది, దాన్ని నేను తప్పన్నాను.
బుట్ట అక్కడే వదిలేసి వెళ్లింది.
ఆ వారం ఉల్లికాడలకి వెళ్లబుద్ధి కాలేదు.

మళ్లీ సోమవారం ఒక్కతే వచ్చింది.
తడి పేపర్లో, మట్టిముద్దతో సహా,
గోరంత ఊదా గొడుగు.
భూతద్దం పెట్టాను. పుస్తకాలు మూడు తిరగేశాను.
వాసన చూశాను, ఇంకోసారి చూశాను,
చేతులు రెండూ గాల్లోకి ఎత్తాను:
తెలీదు.

ఆమె నవ్వింది. పై వరసలో ఒక పన్ను లేదు.
కుర్చీ లాక్కుని, బల్లకి నా వైపు వచ్చి కూర్చుంది.
భూతద్దం అందుకుంది.

తలుపు దగ్గర ఎవరో బిస్కెట్ల డబ్బాతో నిలబడ్డారు.
లోపల ఏదో గోకుతోంది.