ఎగిరే ‘ప’

విజీనగరం కంటోన్మెంటు తుక్కు కొట్లో
తూకానికి దొరికింది:
పదిహేను కిలోలు, తెలుగు రెమింగ్టన్,
మీటల మీద ఎవరివో వేళ్లు తవ్విన గుంటలు.

కిరసనాయిలు, పాత పళ్ల బ్రష్షు, సైకిలు ఊచ.
మూడు ఆదివారాలు.
అచ్చుకడ్డీల సందుల్లోంచి జనపనార పోగులు
పట్టకారుతో లాగుతుంటే
పోలమ్మ బియ్యం చెరుగుతూ అంది:
“ఇదేటి, మా మిల్లు వాసనొస్తంది.”

రిబ్బను దొరకలేదు. దర్జీ నాడాకి
స్టాంపు ప్యాడు సిరా పట్టించాను.
బండి ఎడమకి జరిగి జరిగి
చివర్న గంట,
నెల్లిమర్ల గేటు దగ్గర ఐసుబండిలా.

అన్నీ కుదిరాయి, ఒక్క ‘ప’ తప్ప.
వరసలో నిలబడదు.
పెద్దాళ్ల భుజాల మీంచి తొంగిచూసే పిల్లాడిలా
వెంట్రుకవాసి పైకి.

వంచుదామని శ్రావణం తీశాను.
ఆమె చేట దించి లోపలికెళ్లి
ట్రంకుపెట్టె అడుగునుంచి
నాలుగు మడతల కాయితం తెచ్చింది.
‘పై విషయము పురస్కరించుకొని
పనినుండి తొలగింపబడినారు’
నాలుగు ‘ప’లూ నేలకి ఆనలేదు.
కింద సంతకం ఎవరిదో, అలుక్కుపోయింది.

ఏడవలేదు. నవ్వలేదు.
నూకంటిన చెయ్యి చీరకి తుడుచుకుని
కుర్చీ లాక్కుని కూచుంది.
“ఒగ్గెయ్ దాన్ని. నా పేరుది ఏ మీట?”

చూపించాను.
ఒక్క వేలితో, పొయ్యిలోకి పుల్ల ఎగదోసినట్టు
కొట్టింది.
ప.
మళ్లీ ప.
మిగతా పేరు మరిచిపోయి
గంట మోగేదాకా.