నీలిమందు

మిట్టూరులో మా మిద్దె మీద
పావుగంటకొకసారి
ఎవరూ పోకుండానే ఫ్లష్ ట్యాంకు నిండుతుంది.
ఒక నిమిషం బుస,
మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.
మొదట్లో లేచి లైటు వేసి చూసేదాన్ని.
తర్వాత అలవాటు పడినాను,
ఎదురింటి ముసలాయన దగ్గుకు పడినట్టు.

వారానికొక ట్యాంకరు చాలేది రెండిళ్ళకూ.
మాఘం దాటినాక నాలుగు రోజులకే
పైన నల్లట్యాంకు తడితే బోలుగా మోగింది.
ఏడువందల్లో నా సగం
గజలక్ష్మి చేతిలో పెడతా
నేనేమీ అనలేదు.
అనకుండా పెట్టిన తీరే అంతా అనేసింది.

కింద ఆమె ఇడ్లీపిండి రుబ్బి అమ్ముతుంది.
తెల్లవారి నాలుగుకు గ్రైండరు,
మినప్పప్పు కడిగిన నీళ్ళు
పాల మాదిరి కాలవలోకి పోతా కనపడతాయి.
కనపడే నీళ్ళ మీదికే కదా
అనుమానం పోయేది.
"ఎన్నిసార్లు కడగతావు గజా, ఆ పప్పు?"
నవ్వతానే అడిగినాను ఒకనాడు.
ఆమె నవ్వలేదు.
మరుసటి రోజు నుంచి ఆ నీళ్ళు బకెట్టుకు పట్టి
కరివేపాకు చెట్టుకు మోసేది,
నా మెట్ల మీదికి కనపడేటట్టు.

జిల్లా కోర్టులో ఇరవై రెండేళ్ళు
టైపు కొట్టినదాన్ని.
సాక్ష్యం లేని తీర్పు ఒక్కటీ
ఈ వేళ్ళు కొట్టి ఎరగవు.
ఇంటికొచ్చి నోటితో ఇచ్చినాను.

నిన్న ఆదివారం
దుప్పట్లకు నీలం పెడతా పెడతా
ఏం బుద్ధి పుట్టిందో,
మూత తీసి ఆ ట్యాంకులో నాలుగు చుక్కలు పోసినాను.
పది నిమిషాలకు
ఎవరూ ముట్టని కమోడులో
తెల్ల పింగాణీ మీద సన్నగా
ఒక నీలి గీత దిగతా ఉంది.
సంతకం మాదిరి.
నాదే.

చర్చి వీధిలో శెల్వరాజు అంగడి
సగం షట్టరు దించి ఉంది.
దాని పేరు తెలీక చెయ్యాడించి చూపినాను,
తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, నాలుక మాదిరి.
"ఫ్లాపరు మా," అన్నాడు.
"పాతది తేలేదా? రెండు సైజులుండాయి."
మళ్ళీ ఇంటికి.

గోడ దగ్గర కాక్ కట్టి,
ఉన్న నీళ్ళు వదిలేసి,
గొలుసు కొక్కెం విప్పి, రెండు చెవులూ లాగితే
ఊడొచ్చింది.
అంచు వంకర తిరిగి, జిగటగా,
ముట్టిన చోటల్లా కాటుక పూసతా.
ఎనిమిదేళ్ళు నీళ్ళలోనే కాపురం.
తిట్టబుద్ధి కాలేదు దాన్ని.

అది కూర్చునే అంచు చుట్టూ
ట్యాంకరు నీళ్ళ ఉప్పు పెచ్చు కట్టింది.
చింతపండు పిప్పితో తోమినాను
వేలు పెట్టి తిప్పితే
ఎక్కడా గరుకు తగలనంత వరకూ.

కొత్తది తొడగడం నిమిషం పని.
తంటా అంతా గొలుసుతోనే.
బిగిస్తే మూత పూర్తిగా దిగదు,
వదిలితే గొలుసే పోయి మూత కింద ఇరుక్కుంటుంది.
ఒక లింకు అటు, రెండు లింకులు ఇటు.
ఆరోసారికి కుదిరింది,
పట్టీపట్టనట్టు.

అరవై రూపాయలు.
మూడు నెలల్లో ఎక్కువ తోలించిన ట్యాంకర్లు తొమ్మిది.
అందులో ఆమె సగం
మూడు వేల నూటయాభై.
రెండుసార్లు వేసినాను లెక్క,
రెండోసారైనా తగ్గుతుందేమోనని.

రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చేసింది,
ఏ చప్పుడూ లేక.
అట్లే పడుకున్నాను
కింద గ్రైండరు తిరగడం మొదలయ్యే దాకా.
అప్పుడు దిగినాను, నోట్లు మడిచి పట్టుకుని,
గోళ్ళ కింద ఆ రబ్బరు నలుపు,
వేళ్ళకు సబ్బుకు పోని నీలం.

తలుపు తీసింది గజలక్ష్మి,
మోచేతుల దాకా పిండి.
డబ్బు వైపు చూడలేదు.
"ఏమక్కా, చేతికి ఆ నీలమేంది?"

చెప్పే ముందు
నాలుక తడి చేసుకోవాల్సి వచ్చింది.